ముంబయిలో అద్దె ఇల్లు వెతకడం ఎలా? ముందు రైలు లైను చూసుకోండి

హైదరాబాద్ నుంచి ముంబయికి ట్రాన్స్‌ఫర్ అయింది, భార్య, చిన్న పాప ఉన్నారు, ఏ ఏరియా మంచిది, బ్రోకర్ లేకుండా ఇల్లు దొరుకుతుందా అని అడిగారు. మేమూ అలాగే వచ్చి ఇక్కడే ఉండిపోయాం కాబట్టి చెప్తున్నాను. ఏరియా, బ్రోకర్ అన్నీ తర్వాత. ముందు మీ ఆఫీసు ఏ రైలు లైను మీద ఉందో చూడండి.

హైదరాబాద్‌లో ఇల్లు ఒక మూల, ఆఫీసు ఒక మూల ఉన్నా బండి తీసి ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ వెళ్ళిపోతాం. ఇక్కడ ఊరు సన్నగా, పొడుగ్గా ఉంటుంది, లోకల్ రైళ్ళూ ఆ పొడుగునే నడుస్తాయి. చర్చిగేట్ నుంచి బోరివలి, విరార్ వైపు వెళ్ళేది వెస్టర్న్, సీఎస్‌ఎంటీ (ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్) నుంచి ఠాణే, కళ్యాణ్ వైపు సెంట్రల్, పన్వేల్ వైపు హార్బర్. ఒకే రైల్లో గంట నిలబడటం ఎలాగో అలవాటైపోతుంది గానీ, సాయంత్రం రద్దీలో, వెస్టర్న్, సెంట్రల్ కలిసే దాదర్‌లో బ్రిడ్జి ఎక్కి లైను మారడం మాత్రం ఎప్పటికీ అలవాటు కాదు. అద్దె తక్కువని వేరే లైను మీద ఇల్లు తీసుకున్న మా ఆఫీసు కుర్రాడు పదకొండు నెలల అగ్రిమెంటు ఎప్పుడు అయిపోతుందా అని క్యాలెండర్ చూసుకునేవాడు.

మా ఆఫీసు బీకేసీలో, అంటే బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌లో. అందరూ బాంద్రా చూడమన్నారు. అక్కడి అద్దె వినగానే మా ఆవిడ "నెలకా, ఏడాదికా?" అని అడిగింది. చివరికి ములుండ్‌లో తీసుకున్నాం. రైలు మారకుండా కుర్లాలో దిగి షేర్ ఆటో ఎక్కితే ఆఫీసు. ఏ ఇల్లు చూసినా అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒకసారి ఆఫీసు టైముకి అక్కడి నుంచి రైలెక్కి చూడండి, ఆదివారం మధ్యాహ్నం ఖాళీ రైల్లో కాదు. ఇంకో మాట, బోరివలిలో ఉండి సాయంత్రం విరార్ ఫాస్ట్ (బోరివలి దాటి విరార్ దాకా పోయే, అన్ని స్టేషన్లలో ఆగని రైలు) ఎక్కితే దిగడానికి తలుపు దాకా రానిస్తారన్న నమ్మకం లేదు, తిట్లు అదనం.

బ్రోకర్ లేకుండా దొరుకుతుందా అంటే, దొరకొచ్చు, మాకు దొరకలేదు. గేటుకి వేలాడే టు-లెట్ బోర్డులు ఇక్కడ నాకైతే కనిపించలేదు. యాప్‌లో ఓనర్ అని రాసి ఉన్న నంబరుకి ఫోన్ చేసినా చాలాసార్లు ఎత్తేది బ్రోకరే. మామూలుగా ఒక నెల అద్దె తీసుకుంటాడు. రెన్యువల్‌కి మళ్ళీ అడుగుతాడా లేదా అన్నది ముందే తేల్చుకుని వాట్సాప్‌లో రాయించుకోండి. డిపాజిట్ రెండు మూడు నెలల అద్దె నుంచి ఆరు నెలల దాకా అడిగారు. "హెవీ డిపాజిట్" అని ఇంకోటి ఉంది: లక్షల్లో ఒకేసారి ఇస్తే నెలనెలా అద్దె ఉండదు, లేదా నామమాత్రం. వినడానికి బాగుంటుంది, కానీ ఖాళీ చేసేటప్పుడు ఓనర్ దగ్గర ఆ డబ్బు ఉండాలి కదా. నేనైతే ఆ జోలికి వెళ్ళొద్దంటాను.

ఇల్లు చూడటానికి వెళ్ళేటప్పుడు కొలత టేపు పట్టుకెళ్ళండి. నవ్వకండి, మేం చూసిన ఒక ఫ్లాట్‌లో వంటగట్టు అడ్డం వచ్చి ఫ్రిజ్ తలుపు సగమే తెరుచుకుంటుంది. కూరగాయల ట్రే బయటికి లాగాలంటే ఫ్రిజ్‌ని హాల్లోకి జరపాలి. దాన్నే బ్రోకర్ "స్పేషియస్ 1 బీహెచ్‌కే" అన్నాడు. చదరపు అడుగులు చెప్తే కార్పెట్ ఏరియానా (గోడల లోపల వాడుకునే చోటు), బిల్టప్పా (గోడల మందం కూడా కలిపింది) అని అడగండి. నీళ్ళు ఏ టైముకి వస్తాయో వాచ్‌మన్‌ని అడగండి, ఓనర్‌ని కాదు. వానాకాలంలో ఆ వీధిలో నీళ్ళు నిలుస్తాయేమో కింద కిరాణా కొట్టు అతనికి తెలుస్తుంది.

తిండి సంగతి కూడా చెప్పాలి. ములుండ్, ఘాట్‌కోపర్ వైపు చాలా సొసైటీల్లో మొదటి ప్రశ్నే నాన్‌వెజ్ తింటారా అని. "తినం అని చెప్పేయండి సార్" అని మా బ్రోకర్ సలహా. నేను చెప్పలేదు. ఆదివారం చేపల పులుసు పెడితే వాసన లిఫ్ట్ దాకా పోతుంది, దాన్ని ఎక్కడ దాస్తాం? నిజం చెప్పినందుకు రెండు మంచి ఇళ్ళు పోయాయి. పోతే పోయాయి, ఇప్పుడు వంటింటి కిటికీ తెరిచే వండుకుంటున్నాం.

కాగితాల దగ్గర మొహమాటపడొద్దు. ఇక్కడ రాసుకునేది లీవ్ అండ్ లైసెన్స్ అగ్రిమెంటు, అంటే కొంతకాలం ఇంట్లో ఉండటానికి ఓనర్ అనుమతిస్తూ రాసే ఒప్పందం, ఎక్కువగా 11 నెలలకి. మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 1999లోని 55వ సెక్షన్ ప్రకారం దాన్ని రిజిస్టర్ చేయించాలి, ఆ బాధ్యత ఓనర్‌దే. చేయించకపోతే, గొడవ వచ్చినప్పుడు షరతుల గురించి అద్దెకున్నవాళ్ళు చెప్పే మాటకే బలం. స్టాంపు డ్యూటీ మొత్తం అద్దె మీద 0.25 శాతం, డిపాజిట్ మీద ఏడాదికి 10 శాతం వడ్డీ లెక్కేసి అదీ కలుపుతారు. 35 వేల అద్దె, లక్ష డిపాజిట్ అయితే 11 నెలలకి వెయ్యి లోపే. నగరంలో రిజిస్ట్రేషన్ ఫీజు వెయ్యి. "రిజిస్ట్రేషన్‌కి చాలా అవుతుంది, నోటరీ చాలు" అని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి. ఏజెంటు ల్యాప్‌టాప్, వేలిముద్రల మిషన్ పట్టుకుని ఇంటికే వస్తాడు. అంట్లు తోమి తోమి అరిగిన మా ఆవిడ బొటనవేలిని మిషన్ ఎంతకీ ఒప్పుకోలేదు, కొబ్బరినూనె రాసి, తుడిచి, చివరికి ఉంగరం వేలితో పనయింది. ఇంట్లో చేరే ముందే గోడలు, కుళాయిలు, ఫ్యాన్లు వీడియో తీసి ఓనర్‌కి పంపండి. డిపాజిట్‌లో పెయింటింగ్ ఖర్చు కోస్తారా అన్నదీ అగ్రిమెంటులో ఉండాలి.

మీ ఆఫీసు ఎక్కడో రాయలేదు. బీకేసీ అయితే సెంట్రల్ మీద ఘాట్‌కోపర్ నుంచి ములుండ్ దాకా చూడండి, బడ్జెట్ సరిపోకపోతే ఠాణే. అంధేరీ అయితే వెస్టర్న్ మీద గోరేగావ్, మలాడ్, లేదంటే ఘాట్‌కోపర్‌లోనే ఉండి మెట్రోలో వెళ్ళొచ్చు. ఫోర్ట్, నారిమన్ పాయింట్ వైపు అయితే మీ బడ్జెట్ కూడా చెప్పండి, అప్పుడు మాట్లాడదాం.