ఆ వాక్యం ఎవరిది?

చిరంజీవి తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. ల్యాప్‌టాప్‌లో పరిశోధనా వ్యాసాల పీడీఎఫ్‌లు నాలుగొందలు పోగుపడ్డాయనీ, సగం ఫైళ్లకు సరైన పేర్లే లేవనీ, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో తేలక టెన్షన్‌గా ఉందనీ రాశావు. దాని గురించి అంత ఆలోచించక్కర్లేదు. జొటేరో పెట్టుకో, వ్యాసాల వివరాలూ నోట్సూ ఒకచోట దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ అది. 2006 నుంచి ఉంది, ఉచితం. రేపు ఇంకోదానికి మారాలనిపిస్తే నీ జాబితా మొత్తం బిబ్‌టెక్స్ ఫైలుగా, అంటే ఇలాంటి వేరే సాఫ్ట్‌వేర్లు కూడా చదవగలిగే రూపంలో, బయటికి తీసుకోవచ్చు.

సొంతంగా డేటాబేస్ కట్టుకుంటానంటే వద్దనను, నేనూ కట్టుకున్నవాణ్ణే. రచయితలందరి పేర్లనూ కామాలు పెట్టి ఒకే గడిలో కుక్కేయకు. ఒక వ్యాసానికి ఐదుగురు రచయితలుంటారు, ఒక్కొక్కరికీ ఇంకో పది వ్యాసాలుంటాయి. కాబట్టి వ్యాసాలకో టేబుల్, రచయితలకో టేబుల్, ఎవరు దేనికి ఎన్నో రచయితో చెప్పే మూడో టేబుల్ కావాలి. వ్యాసాలకిచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య డీవోఐ ఉంది కదా, దాన్నే కీగా, అంటే ఒక్కో రికార్డునీ విడిగా గుర్తుపట్టే నంబరుగా, పెడదాం అనిపిస్తుంది. పెట్టకు. పాత వ్యాసాలు చాలావాటికి అది ఉండదు. పైగా ప్రిప్రింట్‌కి, అంటే జర్నల్‌లో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతికి, ఒక డీవోఐ, అదే జర్నల్‌లో అచ్చయ్యాక ఇంకోటి ఉండొచ్చు. నీ సొంత వరస నంబరే కీ. డీవోఐకి పక్కన ఒక కాలమ్ చాలు.

అసలు సంగతి నోట్స్ దగ్గరుంది. నా డేటాబేస్‌లో మొదట్లో 'నోట్స్' అని ఒకే కాలమ్ ఉండేది. వ్యాసంలో నచ్చిన వాక్యమూ అందులోకే, చదువుతుంటే నాకు తోచిందీ అందులోకే. రెండేళ్ల తర్వాత ఒక వ్యాసం రాస్తూ అందులోంచి ఒక పేరా తీసి వాడాను. నేనే రాసుకున్నానని గట్టి నమ్మకం, భలే రాశానే అని మురిసిపోయాను కూడా. అచ్చుకు పంపేముందు ఎందుకో అనుమానమొచ్చి మూలం తెరిచి చూస్తే, అక్షరం పొల్లుపోకుండా వాళ్ల పేరానే! ఆ రోజంతా అన్నం సయించలేదు.

ఆ మర్నాడే ఆ కాలమ్‌ని మూడు చేశాను. వాళ్ల మాటల్లోనే, నా మాటల్లో వాళ్ల వాదన, నా ఆలోచన. మొదటి రెండింటికీ పేజీ నంబరు లేకపోతే రికార్డు సేవ్ కాకుండా నియమం పెట్టాను. జొటేరోలో నోట్సుకి అలాంటి కట్టడి ఉండదు. ప్రతి నోట్ మొదట్లో ఈ మూడు శీర్షికలూ నువ్వే రాసుకోవాలి. విసుగే. పాత నోట్స్ విడదీయడానికి నాకు నెల పట్టింది. కొన్ని ఎవరివో ఇప్పటికీ తేలలేదు. వాటిని వాడను.

బ్యాకప్ తీసి, వేరే డిస్కులో పెట్టుకో. నాలుగొందలూ ఒకేసారి ఎక్కించాలని మాత్రం కూర్చోకు. ఇప్పుడు రాస్తున్నదానికి కావలసిన పదిహేను ఎక్కించి, ఒకదానికి రాసిన నోట్స్ నాకు పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య