క్లోరిన్ ఉన్న నీళ్లతో కామెర్లా?

ప్రశ్న: మా వీధిలో మూడు వారాల్లో ఐదుగురికి కామెర్లు వచ్చాయి. కుళాయి నీళ్లు పరీక్ష చేయిస్తే ఈ-కోలి (మలం కలిస్తే కనబడే బ్యాక్టీరియా) లేదు, క్లోరిన్ ఉందన్నారు. అయినా నీళ్లనే అనుమానించాలా? ఇంట్లో ఆర్వో ఉంటే చాలదా?

జవాబు: ముందు నీళ్లనే అనుమానించండి. ఈ-కోలి క్లోరిన్‌కు తేలిగ్గా చస్తుంది, కామెర్ల వైరస్‌లు అంతకన్నా మొండివి. 1955 చివర్లో ఢిల్లీలో నజఫ్‌గఢ్ కాలువ మురుగు యమునలో వజీరాబాద్ పంపింగ్ కేంద్రం దాకా ఎదురొచ్చింది. క్లోరిన్ మోతాదు పెంచారు. బ్యాక్టీరియాతో వచ్చే టైఫాయిడ్ విజృంభించలేదు గానీ దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. కారణం మురుగు కలిసిన నీళ్లతో సోకే కాలేయ వైరస్ హెపటైటిస్-ఇ అని చాలా ఏళ్ల తర్వాత తేలింది.

పైగా ఈ వైరస్ సోకిన రెండు నుంచి పది వారాలకు గానీ జబ్బు బయటపడదు. మీరు సీసాలో పట్టింది ఇవాళ్టి నీళ్లు, రోగులు తాగింది ఎప్పటివో.

క్లోరిన్ 'ఉంది' అంటే ఎంత? మామూలుగా లీటరుకు 0.2 మిల్లీగ్రాములు చాలు, వైరస్ భయం ఉన్నప్పుడు కనీసం 0.5 ఉండాలని మన దేశ ప్రమాణమే చెబుతోంది. మురుగులోని అమ్మోనియాతో కలిసిన క్లోరిన్ వైరస్‌పై పెద్దగా పనిచేయదు, అయినా క్లోరిన్ పరీక్షకు వాడే ఓటీ (ఆర్థోటాలిడిన్) ద్రావణంలో పసుపు రంగు చూపిస్తుంది. అందుకే చుక్కలు వేశాక పది సెకన్లలోపు వచ్చిన రంగునే లెక్కలోకి తీసుకోండి, ఆగిన కొద్దీ ముదిరే రంగును నమ్మొద్దు.

శాంపిల్‌ను, నీళ్లు వదిలిన మొదటి నిమిషాల్లోనే పట్టాలి. సరఫరా లేని గంటల్లో ఖాళీ పైపు పగుళ్ల గుండా పక్కనున్న మురుగును పీల్చుకుంటుంది, కుళాయికి మోటారు బిగించినవాళ్లుంటే మరీ. సీసాలో క్లోరిన్‌ను విరిచే థయోసల్ఫేట్ వేయకపోతే ల్యాబ్‌కు చేరేలోగా క్లోరినే బ్యాక్టీరియాను చంపి రిపోర్టును కడిగేస్తుంది! రోగుల ఇళ్లన్నీ ఒకే పైపులైను మీద ఉన్నాయేమో చూసి, అది డ్రైన్ దాటే చోట జాయింట్లు తవ్వించమని మున్సిపాలిటీని అడగండి.

ఆర్వో పొర బాగుంటే వైరస్‌ను ఆపుతుంది. పొర చుట్టూ నీరు కారకుండా బిగించే రింగు వదులైనా, పొర చిరిగినా ఆపదు, అది మీకు తెలియనూ తెలియదు. క్యాండిల్ ఫిల్టర్ రంధ్రాలు ఈ వైరస్‌లకు సింహద్వారాలే. ప్రస్తుతానికి నీళ్లు తెర్లుతుండగా ఒక నిమిషం కాచి, అదే గిన్నెలో మూతపెట్టి చల్లార్చండి. ఇంట్లో గర్భిణి ఉంటే పళ్లు తోముకోవడానికీ ఆ నీళ్లే ఇవ్వండి. నెలలు నిండేకొద్దీ హెపటైటిస్-ఇ ప్రాణాంతకం కావచ్చు, కళ్లు పచ్చబడితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.