జెనెసిస్‌లో అసలు మలుపు గేబ్రియల్ నిష్క్రమణేనా?

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. ఇంగ్లండు రాక్ బృందం జెనెసిస్ అభిమానులు పీటర్ గేబ్రియల్ పాడిన కాలాన్నీ ఫిల్ కాలిన్స్ పాడిన కాలాన్నీ రెండు వేర్వేరు బృందాల చరిత్రలా చూస్తూ ఎందుకు వాదించుకుంటారన్నది మొదటిది. కొత్తగా వినదలచుకున్నవారు ఎక్కడ మొదలుపెట్టాలన్నది రెండోది. ఇరుపక్షాల వారితోనూ చాలాకాలంగా స్నేహం చేస్తున్నవాడిగా, రెండు కాలాల సంగీతాన్నీ ఇష్టంగా వింటున్నవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. చీలిక నిజమే. కానీ దాన్ని 1975లో గేబ్రియల్ వెళ్లిపోయిన చోట గీయడం సరికాదు. ఆ గీత మరికొన్నేళ్ల తర్వాత, పాటలు తయారయ్యే పద్ధతి మారిన చోట పడాలి.

నేపథ్యం తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లండులోని సర్రీ ప్రాంతంలో ఉన్న చార్టర్‌హౌస్ అనే పాఠశాలలో చదువుకునే కుర్రాళ్లు 1967లో కట్టుకున్న బృందం ఇది. గాయకుడు గేబ్రియల్, కీబోర్డు వాయించే టోనీ బ్యాంక్స్, బేస్ గిటారు పట్టిన మైక్ రూథర్‌ఫర్డ్, గిటారిస్టు ఆంథనీ ఫిలిప్స్ అందులో ముఖ్యులు. వేదిక ఎక్కాలంటే భయం పట్టుకోవడంతో ఫిలిప్స్ 1970లో తప్పుకున్నాడు. ఆ ఏడే డ్రమ్మర్‌గా కాలిన్స్, ఆ వెనువెంటనే గిటారిస్టుగా స్టీవ్ హ్యాకెట్ చేరారు. ఈ అయిదుగురూ 1971 నుంచి 1974 వరకు చేసిన నాలుగు ఆల్బమ్‌లే పాత అభిమానులకు ప్రమాణం. 1975లో గేబ్రియల్, 1977లో హ్యాకెట్ వెళ్లిపోయాక మిగిలిన ముగ్గురూ ప్రపంచమంతటా స్టేడియాలు నింపే స్థాయికి చేరారు. 1996లో కాలిన్స్ కూడా తప్పుకున్నాక రే విల్సన్ అనే గాయకుడితో 1997లో ఒక ఆల్బమ్ వచ్చింది. దాని గురించి వీరాభిమానులు కూడా పెద్దగా వాదించుకోరు కాబట్టి నేనూ వదిలేస్తున్నాను.

గేబ్రియల్ పక్షం వాదన ఎంత బలమైనదో నాకు ఇంగ్లండులో పనిచేసిన రోజుల్లో తెలిసింది. నాకంటే బాగా పెద్దవాడైన ఒక సహోద్యోగి విద్యార్థిగా ఉండగా 1975లో ‘ద లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే’ ప్రదర్శనను కళ్లారా చూసినవాడు. ఆయన ఇంట్లో జెనెసిస్ రికార్డుల వరుస ఆ ఆల్బమ్‌తో ఆగిపోతుంది. ఆ తర్వాత వచ్చిన వాటిని ఆయన కొననూ లేదు, ఎవరైనా ఇస్తే తీసుకోనూ లేదు. ఆయన దృష్టిలో జెనెసిస్ అంటే పాట మాత్రమే కాదు, నాటకం కూడా. 1972లో డబ్లిన్‌లో గేబ్రియల్ తోటివారికి మాటమాత్రమైనా చెప్పకుండా భార్య ఎర్రగౌను తొడుక్కుని, నక్కతల పెట్టుకుని వేదిక మీదికి వచ్చిన సంగతిని ఆయన పక్కనే ఉండి చూసినంత ఉత్సాహంగా చెప్పేవాడు. ‘ఫాక్స్‌ట్రాట్’ రికార్డు రెండోవైపు దాదాపు మొత్తం ఆక్రమించే 23 నిమిషాల ‘సప్పర్స్ రెడీ’ని నేను మొదటిసారి మొత్తంగా విన్నది ఆయన ఇంట్లోనే. వింటున్నంతసేపూ మాట్లాడకూడదన్నది అక్కడి నియమం. మధ్యలో నేను టీ కప్పు తీయబోతే ఆయన చూసిన చూపుకి ఆ కప్పు మళ్లీ బల్ల మీదికే వెళ్లింది. బైబిలులోని ప్రళయ వర్ణన, పిల్లల గేయాల్లాంటి అర్థంపర్థంలేని వెటకారం, పల్లెటూరి ఇంగ్లండు వాసన, ఇవన్నీ ఒకే పాటలో ఇమిడి చివరికి గంభీరంగా ముగియడం మరే గాయకుడికీ సాధ్యమయ్యేది కాదని ఆయన అంటాడు. పదాల విషయంలో అది నిజమేనని నేనూ ఒప్పుకుంటాను. అంత విడ్డూరమైన ఊహ ఆ తర్వాత ఆ బృందానికి మళ్లీ దొరకలేదు.

రెండో పక్షానికి నా దగ్గరి ప్రతినిధి హైదరాబాదులో ఉండే మా బావ. నాకు జెనెసిస్ పేరు తెలిసిందే ఆయన వల్ల. ఇంజనీరింగు హాస్టల్లో చేతులు మారి మారి అరిగిపోయిన ‘ఇన్విజిబుల్ టచ్’ క్యాసెట్టును నా చేతిలో పెట్టినవాడు ఆయనే. ఆ తర్వాత నేను పాత ఆల్బమ్‌ల మీద మనసు పెట్టుకోవడం ఆయనకు ఒక రకమైన ద్రోహంలా తోచింది. ‘అరగంట పాటలో ఇరవై నిమిషాలు అసలు పాట ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూడటానికే సరిపోతుంది బావా’ అని ఇప్పటికీ ఫోనులో ఎత్తిపొడుస్తుంటాడు. కాలిన్స్ గొంతులో దాపరికం లేదు, బాధ బాధలాగే వినిపిస్తుంది, పాట అర్థం కావడానికి పురాణాలు తిరగేయనక్కర్లేదు అన్నది ఆయన వాదన. ఇందులోనూ నిజముంది. 1983 నాటి ‘మామా’ పాటలో డ్రమ్ మెషీన్ ఒక్కటే కొట్టుకుంటుండగా కాలిన్స్ నవ్వే ఆ భయంకరమైన నవ్వు విన్నవారెవరూ అతణ్ని మెత్తని ప్రేమపాటల గాయకుడని తీసిపారేయలేరు.

అయితే ఈ ఇద్దరూ ఒక విషయంలో మాత్రం ఏకాభిప్రాయంతో ఉన్నారు. 1975లో గాయకుడు మారగానే బృందం స్వభావమే మారిపోయిందని ఇద్దరూ నమ్ముతారు. నేను ఒప్పుకోనిది దాన్నే.

1976 ఫిబ్రవరిలో, అంటే గేబ్రియల్ లేకుండా, వచ్చిన మొదటి ఆల్బమ్ ‘ఎ ట్రిక్ ఆఫ్ ద టెయిల్’ను తీసుకోండి. ‘ద లాంబ్’ వరకు మాత్రమే విన్న ఒక తెలుగు మిత్రుడికి పాడినది ఎవరో చెప్పకుండా ఇందులోని ‘స్క్వాంక్’, ‘ఎన్‌టాంగిల్డ్’ పాటలు వినిపించాను. గేబ్రియల్ గొంతు కొంచెం మెత్తబడినట్టుందని మాత్రమే అన్నాడు తప్ప మనిషే వేరని అనుకోలేదు. అందులో ఆశ్చర్యపడాల్సింది కూడా లేదు. అంతకు ముందు అయిదేళ్లుగా గేబ్రియల్ గొంతుకు జతగా వినిపిస్తున్న రెండో గొంతు కాలిన్స్‌దే. 1971 ఆల్బమ్‌లో ఒక చిన్న పాట, 1973 నాటి ‘సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్’లో మరో పాట అతను ప్రధాన గాయకుడిగానే పాడాడు. ఇక విషయానికొస్తే, ‘స్క్వాంక్’ అనేది పట్టుకుని సంచిలో వేసుకుంటే కన్నీళ్లుగా కరిగిపోయే ఒక అమెరికన్ జానపద జంతువు కథ. ఇంత విచిత్రమైన కథను గేబ్రియల్ లేకుండానే రాసుకోగలిగినవారి దగ్గర కల్పనాశక్తి అతనితో పాటే వెళ్లిపోయిందనడం అన్యాయం.

ఇంకా వెనక్కి వెళదాం. ‘సెల్లింగ్ ఇంగ్లండ్’లోని ‘ద సినిమా షో’ పాట రెండో సగంలో గాయకుడికి పనే లేదు. ఆ సుదీర్ఘమైన వాద్యభాగాన్ని నడిపించేది బ్యాంక్స్ కీబోర్డు, రూథర్‌ఫర్డ్ గిటారు, కాలిన్స్ డ్రమ్స్. 1978 తర్వాత ‘ముగ్గురి జెనెసిస్’ అని పాత అభిమానులు ముఖం చిట్లించే ఆ ముగ్గురే వీళ్లు, గేబ్రియల్ బృందంలో ఉండగానే. ఆ భాగం ఏడు మాత్రల మీద నడుస్తుంది. వయొలిన్ నేర్చుకున్న మా అక్క గదిలోకి వచ్చి, అడక్కుండానే తొడ మీద మిశ్రచాపు వేసి, కాసేపటికి ‘ఎక్కడా తప్పట్లేదే’ అంటూ కూర్చుండిపోయింది. ‘సప్పర్స్ రెడీ’లో తొమ్మిది మాత్రల భాగాన్ని మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. కింద డ్రమ్స్ మూడు, రెండు, నాలుగుగా విరుస్తుంటే పైన బ్యాంక్స్ కీబోర్డు ఆ లెక్కను పట్టించుకోనట్టు సాగుతుంది కాబట్టి, తాళం వేసేవారికి అది చాలా ఇబ్బందికరమైన చోటు. నాకు మాత్రం జెనెసిస్ మొత్తంలో అదే అత్యంత ఉద్వేగం కలిగించే ఘట్టం. నేను చెప్పదలచుకున్నదేమిటంటే, ఈ బృందానికి వెన్నెముక మొదటి నుంచి చివరి దాకా బ్యాంక్స్ స్వరజ్ఞానమే. గాయకులు మారినా అది మారలేదు. 1980లో మామూలు రేడియో పాటలా వినిపించే ‘టర్న్ ఇట్ ఆన్ అగైన్’ను లెక్కపెట్టి చూడండి, పదమూడు మాత్రలు వస్తాయి.

కాలిన్స్ మీద మోపే మరో నేరం ఆ ఎనభైల నాటి డ్రమ్ శబ్దం. బాంబులా మోగి, ప్రతిధ్వని సాగకుండా ఠక్కున తెగిపోయే ఆ మోత జెనెసిస్‌ను పాడుచేసిందని గేబ్రియల్ పక్షం వారు తరచుగా అంటారు. దాని పుట్టుక తెలిస్తే ఈ వాదన తిరగబడుతుంది. ఆ శబ్దం రూపుదిద్దుకున్నది గేబ్రియల్ సొంతంగా చేసిన, 1980లో విడుదలైన మూడో ఆల్బమ్‌లో. తాళాలు, అంటే సింబల్స్, ఎవరూ ముట్టుకోకూడదని షరతు పెట్టింది గేబ్రియల్, ఇంజనీరు హ్యూ ప్యాడ్‌గమ్, డ్రమ్స్ ముందు కూర్చున్నది కాలిన్స్. మరుసటి ఏడాది కాలిన్స్ అదే శబ్దాన్ని తన సొంత పాటలో వాడుకుని ప్రపంచప్రసిద్ధుడయ్యాడు. ఆపైన ప్యాడ్‌గమ్ జెనెసిస్ ఆల్బమ్‌లకూ పనిచేశాడు. కాబట్టి ఆ మోత నచ్చనివారు తమ ఆరాధ్యుడి గుమ్మం నుంచే ఫిర్యాదు మొదలుపెట్టాలి. చిన్న పాటల వైపు, నాట్యం చేయించే లయల వైపు మళ్లడంలోనూ గేబ్రియల్ వెనుకబడలేదు. 1986 వేసవిలో అమెరికాలో మొదటి స్థానంలో ఉన్న ‘ఇన్విజిబుల్ టచ్’ పాటను కిందికి దించినది గేబ్రియల్ పాడిన ‘స్లెడ్జ్‌హామర్’.

మరి మార్పు ఎక్కడ వచ్చింది? నా లెక్కలో 1980 నాటి ‘డ్యూక్’ ఆల్బమ్‌కీ, 1983లో బృందం పేరుతోనే వచ్చిన ఆల్బమ్‌కీ మధ్య. ‘డ్యూక్’లో ఆరు భాగాలు నిజానికి ఒకే పొడవాటి కృతిగా పుట్టాయి. వాటిని వరుసగా పెడితే ‘సప్పర్స్ రెడీ’తో పోలిక తెస్తారన్న జంకుతో విడగొట్టి ఆల్బమ్ అంతటా చల్లారు. ఆ ఏడాది కచేరీల్లో మాత్రం వాటిని కలిపే వాయించారు. అంటే పాత పద్ధతి మీద మమకారం అప్పటికింకా పోలేదన్నమాట. 1983 నాటికి ఎవరూ ఇంటి దగ్గర పాట రాసుకుని తేవడం మానేసి, ముగ్గురూ తమ సొంత స్టూడియోలో చేరి, అప్పటికప్పుడు వాయిస్తూ దొరికిన ముక్కల నుంచి పాటలు చెక్కడం మొదలుపెట్టారు. పాటలన్నీ ముగ్గురి పేరుమీదే ఉంటాయి. ఆ పద్ధతిలో మంచి లయలు, పట్టున్న పల్లవులు దొరుకుతాయి కానీ, బ్యాంక్స్ పియానో ముందు ఒంటరిగా కూర్చుని అల్లిన ‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’ ఆరంభం లాంటిది దొరకదు. ఆ తేడాను నేను లోటుగానే భావిస్తాను. అయినా పాత అలవాటు పూర్తిగా చావలేదు. ‘ఇన్విజిబుల్ టచ్’లోని ‘డామినో’ పది నిమిషాలకు పైగా సాగుతుంది, 1991 ఆల్బమ్‌లో పందొమ్మిదో శతాబ్దపు రైలుమార్గాల కూలీల కథ చెప్పే ‘డ్రైవింగ్ ద లాస్ట్ స్పైక్’ కూడా అంతే. ఆ 1991 ఆల్బమ్‌లో నాకు సహించనిది పెద్ద హిట్టయిన ‘ఐ కాన్ట్ డాన్స్’ ఒక్కటే.

హ్యాకెట్ వెళ్లిన 1977లోనే అంతా ముగిసిందనే మూడో పక్షం కూడా ఉంది. నాకు వీరి మీద కొంత సానుభూతి ఉంది. ‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’ మధ్యలో బ్యాంక్స్ రాసిన స్వరాన్నే హ్యాకెట్ గిటారు మీద నిదానంగా సాగదీస్తూ వాయించే ఆ మూడు నిమిషాలు వింటే, ఎవరి లోటు ఎంతో మనకే తెలుస్తుంది. ఆ పాత సంగీతాన్ని ఇన్నేళ్లుగా ఊరూరా మోసుకుతిరిగి బతికించింది కూడా హ్యాకెట్ బృందమే. ఫిలిప్స్ వెళ్లిన 1970 తర్వాత ఏదీ వినదగ్గది కాదనేవారు కూడా నాకు తారసపడ్డారు. వారితో వాదన పెట్టుకోకపోవడమే మేలు.

బృంద సభ్యుల మధ్య మాత్రం అభిమానులకున్నంత వైరం కనిపించదు. గేబ్రియల్ మొదలుపెట్టిన వోమాడ్ సంగీతోత్సవం అప్పుల్లో కూరుకుపోయినప్పుడు, 1982 అక్టోబరులో మిల్టన్ కీన్స్‌లో అందరూ అతని కోసం ఒక్కరోజు కలిసి వాయించారు. 2022 మార్చి 26న లండన్‌లో జరిగిన ఆఖరి కచేరీకి గేబ్రియల్ ప్రేక్షకుడిగా వచ్చాడు. ఆరోగ్యం బాగోలేక కుర్చీలో కూర్చునే పాడిన కాలిన్స్ ఆ యాత్రలో ప్రతి కచేరీనీ ముగించింది తన హిట్టుతో కాదు, గేబ్రియల్ కాలం నాటి ‘ద కార్పెట్ క్రాలర్స్’తో.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు నా సమాధానం ‘ఎ ట్రిక్ ఆఫ్ ద టెయిల్’. ఏ పక్షం వారూ దాన్ని పూర్తిగా తోసిపుచ్చరు, పైగా అక్కడి నుంచి ఇరువైపులకూ దారులున్నాయి. వెనక్కి వెళ్లాలనిపిస్తే ‘సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్’, ఆ తర్వాత ‘ఫాక్స్‌ట్రాట్’ వినండి. ముందుకు వెళ్లాలనిపిస్తే ‘డ్యూక్’, ఆపైన 1983 ఆల్బమ్. పాత ఆల్బమ్‌లకు 2007, 2008 సంవత్సరాల్లో కొత్తగా చేసిన రీమిక్సులు కూడా దొరుకుతాయి. వాద్యాలు విడివిడిగా స్పష్టంగా వినిపిస్తాయి కానీ మోత ఎక్కువ. నేను పాత ప్రతులనే ఇష్టపడతాను, మీకు కొత్తవి నచ్చినా ఆశ్చర్యం లేదు. ‘ద లాంబ్’ను మాత్రం చివరికి ఉంచుకోండి. అది రెండు రికార్డుల కథ, న్యూయార్కులో తిరిగే రేల్ అనే కుర్రవాడి పాతాళయాత్ర. పాటల పదాలు ముందు పెట్టుకుని, రోజుకు ఒక వైపు చొప్పున వింటే మధ్యలో విసుగు పుట్టదు.