రూ.75 వేల ల్యాప్‌టాప్‌కు మిత్తికి తేవాలా?

ప్రశ్న: మాది హాలియా దగ్గర పల్లె. నాలుగెకరాల వరి పొలం. మా అబ్బాయికి బీటెక్ సీఎస్ఈలో సీటొచ్చింది. ఇబ్రహీంపట్నం వైపు కాలేజీ, హాస్టల్‌లో ఉంటాడు. గేమింగ్ ల్యాప్‌టాప్ లేకపోతే చదువు సాగదని రూ.75 వేలు అడుగుతున్నాడు. నా దగ్గర రూ.40 వేలు ఉన్నాయి. మిగతావి మిత్తికి తెమ్మంటారా? నల్లగొండలో ఒకాయన పాత ఐ7 ల్యాప్‌టాప్ రూ.22 వేలకు ఇస్తానంటున్నాడు. అది తీసుకోవచ్చా?

జవాబు: మిత్తికి మాత్రం తేకండి. నూటికి రెండు రూపాయలనుకున్నా రూ.35 వేలకు నెలకు 700, ఏడాదికి 8,400 మిత్తికే పోతుంది. అసలు అట్లనే ఉంటుంది.

మీ అబ్బాయి అబద్ధం చెప్తున్నాడని కాదు, సీనియర్లు ఎవరో చెప్పి ఉంటారు. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో మనం ఎక్కువ కట్టేది గ్రాఫిక్స్ కార్డుకు. సీ, పైథాన్, జావా లాంటి ప్రోగ్రామింగ్ భాషలు, డేటా స్ట్రక్చర్స్ నేర్చుకోవడానికి దాంతో పని లేదు. మూడో ఏట ఏఐ ప్రాజెక్టు పడినా గూగుల్ కొలాబ్ ఉంది. బ్రౌజర్‌లో తెరిస్తే గూగుల్ వాళ్ల జీపీయూనే, అంటే గ్రాఫిక్స్ చిప్‌నే, కొంత పరిమితి వరకు ఉచితంగా వాడుకోవచ్చు. ఆ కార్డు అవసరం పడే ఆర్కిటెక్చర్ చదివే పిల్లాడైతే నా జవాబు వేరేగా ఉండేది.

ఇక ఆ పాత ఐ7 సంగతి. 'ఐ7' అన్న మాటకు పడిపోకండి, గీత తర్వాతి అంకె చూడండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే ప్రాసెసర్ పేరు కనిపిస్తుంది. ఐ7-6600యూ అని ఉంటే అది ఆరో జనరేషన్ (ఆరో తరం), 2015లో వచ్చిన సరుకు. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే విండోస్ 11కు అధికారికంగా అనుమతి. విండోస్ 10కు మామూలు సపోర్టు, అంటే భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం, 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పైగా ఆ ఐ7లో ఉన్నది రెండే కోర్లు, అంటే ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు. అందరూ చిన్నచూపు చూసే ఐ3-1215యూలో ఆరున్నాయి! పాతదే కావాలనుకుంటే ఎనిమిదో జనరేషన్ లేదా ఆపైది, ఆఫీసుల్లో వాడే డెల్ ల్యాటిట్యూడ్, లెనోవో థింక్‌ప్యాడ్ లాంటివి చూడండి. డబ్బులిచ్చే ముందు బ్యాటరీ రిపోర్ట్ తీయించండి. అందులో డిజైన్ కెపాసిటీకి (కొత్తప్పటిది), ఫుల్ ఛార్జ్ కెపాసిటీకి (ఇప్పటిది) మధ్య తేడా సగానికి సగం ఉంటే, బ్యాటరీ ఖర్చు కూడా మీదేనని లెక్కేసుకోండి.

నన్నడిగితే ఆ రూ.40 వేలలో కొత్తదే చూడండి. తర్వాత మార్చుకోలేని వాటి మీద డబ్బు పెట్టండి. ప్రాసెసర్, స్క్రీన్ మొదట ఎట్లా కొంటే నాలుగేళ్లూ అట్లనే ఉంటాయి. కాబట్టి స్క్రీన్ ఫుల్ హెచ్‌డీ ఉండాలి. ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ 512 జీబీ ఉంటే మంచిది, ర్యామ్ మాత్రం 8 జీబీతో మొదలుపెట్టినా ఫర్వాలేదు. అయితే తర్వాత ర్యామ్ పెంచుకోవడానికి రెండో స్లాట్ ఖాళీగా ఉందో లేదో చూడాలి. ఇక్కడ నేనే ఒకసారి దెబ్బతిన్నాను. మా అన్న బిడ్డకు మహబూబ్‌నగర్‌లో ఒక షాపులో కొనిపెట్టాను. 'తర్వాత పెంచుకోవచ్చు సార్' అన్నారు, నమ్మాను. రెండేళ్లకు ర్యామ్ చాలక విప్పిస్తే అది బోర్డుకే అతికించి ఉంది, స్లాటే లేదు. చదువుకున్నవాణ్ణని పేరుకే!

షాపులో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే కింద 'స్లాట్స్ యూజ్డ్: 1 ఆఫ్ 2' అని ఉండాలి, అంటే రెండింట్లో ఒకటి ఖాళీ. ఆ లైను మీ కళ్లతో చూశాకే బిల్లు రాయించండి. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 7520యూ కనిపిస్తే జాగ్రత్త. 7000 సిరీస్ కదా, కొత్తదనుకుంటాం. కానీ అందులో 'జెన్ 2' అనే పాత రకం కోర్లే, అవీ నాలుగే. ర్యామ్ కూడా బోర్డుకు అతికించే వస్తుంది.

బిల్లు మీద సీరియల్ నంబర్ ఉండాలి. వారంటీ 'ఆన్‌సైట్' (ఇంటికొచ్చి బాగుచేసేది) అని చెప్తే, మెకానిక్ మీ పిన్‌కోడ్‌కు వస్తాడో లేదో కంపెనీకి ఫోన్ చేసి అడగండి. తొందర కూడా లేదు, సీ ప్రాక్టికల్స్ కాలేజీ ల్యాబ్‌లోనే చేయిస్తారు. దసరా ఆఫర్ల దాకా ఆగినా నష్టం లేదు.

కొనేటప్పుడు అబ్బాయిని వెంట తీసుకెళ్లండి. మిగిలిన డబ్బులో లోపల మెత్త ఉన్న బ్యాగు ఒకటి కొనండి. సెలవులకు వచ్చేటప్పుడు బస్సులో పై ర్యాకు మీద పడేయకుండా ఒళ్లో పెట్టుకోమనండి.