డౌన్‌లోడ్ చేస్తే చదివినట్టేనా?

పాఠకుల ప్రశ్నలు – రిఫరెన్స్ డెస్క్ జవాబులు

ప్రశ్న: నైట్ షిఫ్టుల్లో పనిచేసే నర్సుల నిద్ర మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. పరిశోధన వ్యాసాల్ని వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో టాపిక్ కొడితే లక్షల్లో ఫలితాలు వస్తున్నాయి. పనికొస్తుందనిపించిందల్లా డౌన్‌లోడ్ చేసుకుంటూ పోయాను. ఇప్పుడు ఫోల్డర్ నిండా అంకెల పేర్లతో పీడీఎఫ్‌లే. ఏది చదివానో ఏది చదవలేదో గుర్తులేదు. లిటరేచర్ రివ్యూ ఎంతవరకు వచ్చిందని గైడ్ అడిగితే చాలు, టెన్షన్ మొదలవుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– పరిశోధక విద్యార్థిని

జవాబు: అమ్మా, ముందు ఒక వారం పాటు కొత్త పీడీఎఫ్ ఏదీ డౌన్‌లోడ్ చేయకండి. ఉన్నవాటి సంగతి తేల్చుకుందాం.

యూనివర్సిటీ లైబ్రరీలో రిఫరెన్స్ డెస్క్ చూసే నాకు ఇలాంటి ల్యాప్‌టాప్‌లు కొత్త కాదు. ఒకే పేపర్‌కు మూడు కాపీలుంటాయి, ఒక్కటీ తెరిచి ఉండరు. డౌన్‌లోడ్ బటన్ నొక్కగానే ఏదో పని అయిపోయినంత తృప్తి కలుగుతుంది. పరిశోధకుల్ని అంతగా మోసం చేసే తృప్తి మరొకటి నేను చూడలేదు.

లక్షల ఫలితాలు చూసి బెదరకండి. స్కాలర్ పైన ఎంత సంఖ్య చూపించినా, ఒక వెతుకులాటకు మొదటి వెయ్యి ఫలితాల్ని మాత్రమే చూడనిస్తుంది. ఆ వరుస కూడా కొత్తవాటితో మొదలవదు. ఎక్కువమంది ఉదహరించిన పాత పేపర్లు తరచూ పైకి వచ్చి కూర్చుంటాయి. అందుకని ఒకసారి మామూలుగా, ఇంకోసారి పక్కనున్న వరుసలో సంవత్సరం ఎంచుకుని వెతకండి. నైట్ షిఫ్ట్ అనే రెండు మాటల్నీ కొటేషన్ గుర్తుల మధ్య పెడితే ఆ రెండూ కలిసి ఉన్న పేపర్లే వస్తాయి. మీరు నైట్ షిఫ్ట్ అన్నదాన్ని ఒకరు నైట్ వర్క్ అని రాస్తారు, మరొకరు షిఫ్ట్ వర్క్ కింద కలిపేస్తారు. ఈ మాటల మధ్య ‘ఆర్’ (OR) అని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో పెడితే ఏది ఉన్నా పట్టుకుంటుంది.

మీది ఆరోగ్య రంగం కాబట్టి స్కాలర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. వైద్య వ్యాసాల్ని వెతకడానికి అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడిపే పబ్‌మెడ్ 1996 నుంచి ఉంది, పైసా ఖర్చు లేదు. అందులో ప్రధాన భాగమైన మెడ్‌లైన్‌లోని వ్యాసాలకు ‘మెష్’ అనే నిర్ణీత శీర్షికలు తగిలిస్తారు. రచయిత తన వ్యాసంలో ఏ మాట వాడినా, ‘షిఫ్ట్ వర్క్ షెడ్యూల్’ అనే శీర్షికతో వెతికితే దొరికిపోతుంది. అయితే నిన్నగాక మొన్న వచ్చిన పేపర్లకు శీర్షిక ఇంకా పడి ఉండకపోవచ్చు. అందుకే శీర్షికతో ఒకసారి, మామూలు మాటలతో ఒకసారి, రెండు రకాలుగానూ వెతకాలి. ఏ తేదీన, ఎక్కడ, ఏ మాటలతో వెతికారో, ఎన్ని వచ్చాయో ఒక ఫైల్‌లో రాసిపెట్టుకోండి. ఒక ప్రశ్న మీద వచ్చిన పరిశోధనలన్నిటినీ పద్ధతిగా వెతికి బేరీజు వేసే సిస్టమాటిక్ రివ్యూ రాసే రోజు వస్తే, అలాంటి రివ్యూల కోసమే ఉన్న ‘ప్రిస్మా 2020’ మార్గదర్శకాలు అడిగేవాటిలో ఈ వివరాలు కూడా ఉంటాయి.

ఇప్పుడు అసలు కిటుకు. నిద్ర నాణ్యతను కొలవడానికి ‘పిట్స్‌బర్గ్ స్లీప్ క్వాలిటీ ఇండెక్స్’ అనే ప్రశ్నావళి మీకు ఈపాటికే ఎదురై ఉంటుంది. స్కోరు 0 నుంచి 21 దాకా, 5 దాటితే నిద్ర బాగాలేనట్టు. దాన్ని పరిచయం చేసిన పేపర్ 1989లో వచ్చింది. స్కాలర్‌లో ఆ పేపర్ పేరు కొట్టండి. ఫలితం కింద ‘సైటెడ్ బై’ అని ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ పేపర్‌ను ఉదహరించిన వ్యాసాలన్నీ వస్తాయి, వేలకు వేలు. కంగారుపడి వెనక్కి రాకండి. అదే పేజీలో ‘సెర్చ్ వితిన్ సైటింగ్ ఆర్టికల్స్’ అనే చిన్న గడి ఉంటుంది. అందులో టిక్ పెట్టి నర్సెస్, నైట్ షిఫ్ట్ అని కొట్టండి. ఈ కొలబద్దను వాడి, మీ టాపిక్ మీదే పనిచేసినవాళ్లు మాత్రం బయటికొస్తారు. టాపిక్ పేరు కొట్టి పేజీలు తిప్పడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు.

ఒక పేపర్ చివరనున్న రిఫరెన్సుల జాబితా పట్టుకుని పోతే మనం వెనక్కి, దానికంటే పాతవాటి దగ్గరికి వెళ్తాం. ‘సైటెడ్ బై’ ముందుకు, కొత్తవాటి దగ్గరికి తీసుకెళ్తుంది. ఈ ఆలోచనను అమెరికా సమాచార శాస్త్రవేత్త యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ప్రతిపాదించి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌గా అచ్చు వేయించారు. అప్పట్లో లావుపాటి సంపుటాల్లో వేలు పెట్టి వెతకాల్సిన పని, ఇప్పుడు ఒక క్లిక్‌తో అవుతోంది. మంచి పేపర్లు నాలుగైదు ఎంచుకుని ఇలా ముందుకీ వెనక్కీ వెళ్లండి. ఎటు తిరిగినా అవే పేర్లు ఎదురవుతున్నాయంటే మీ వెతుకులాట ఒక కొలిక్కి వచ్చినట్టే.

ఇక ఫోల్డర్ సంగతి. పేపర్లనూ రిఫరెన్సులనూ సర్దిపెట్టే జొటేరో అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకోమంటాను. అదే పనిచేసే మెండలీ, ఎండ్‌నోట్ వాడేవాళ్లతో నాకు గొడవ లేదు. కానీ ఎండ్‌నోట్ డబ్బుతో పని. మెండలీ 2013లో ఎల్సెవియర్ అనే పెద్ద ప్రచురణ సంస్థ చేతికి వెళ్లింది. జొటేరో 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో పుట్టింది. ఉచితం, ఓపెన్ సోర్స్. చదువు అయిపోయి లైబ్రరీ ఐడీ పోయినా మీ సేకరణ మీ దగ్గరే ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఫైళ్లు దాచుకోవడానికి ఉచితంగా ఇచ్చేది 300 ఎంబీ మాత్రమే. మీ కంప్యూటర్‌లో ఎన్ని ఉంచుకున్నా అడిగేవారు లేరు.

ఉన్న పీడీఎఫ్‌లను అందులోకి లాగి పడేయండి. చాలావాటికి పేరు, రచయిత, సంవత్సరం అదే గుర్తుపట్టి, ఫైల్ పేరు కూడా మారుస్తుంది. పాత స్కాన్ కాపీల దగ్గర మాత్రం చేతులెత్తేస్తుంది. అలాంటప్పుడు పైన మంత్రదండం బొమ్మ నొక్కి ఆ వ్యాసం డీఓఐ ఇవ్వండి. డీఓఐ అంటే 10తో మొదలయ్యే ఆ పొడుగాటి నంబరు. వివరాలన్నీ వచ్చేస్తాయి. స్కాలర్‌లోంచి వివరాలు దింపుకోవడం నాకు ఇష్టం ఉండదు. రచయితలు ఎక్కువమంది ఉంటే కొందరి పేర్లు గల్లంతై, వాళ్లు ‘ఇతరులు’ అయిపోతారు. డూప్లికేట్ల కోసం వేరే విభాగమే ఉంది. అక్కడ ఒక్కొక్క జంటనూ చూసి కలిపేయండి. ఒకే పేపర్‌ను ‘కొలిచే పద్ధతులు’ కింద, ‘రెండో అధ్యాయం’ కింద కూడా పెట్టుకోవచ్చు. కాపీ తయారవదు, ఉన్నదే రెండు చోట్లా కనిపిస్తుంది.

జొటేరో డేటా ఫోల్డర్‌ను తీసుకెళ్లి డ్రాప్‌బాక్స్ లాంటి క్లౌడ్ ఫోల్డర్‌లో పెట్టకండి. డేటాబేస్ పాడయ్యే ప్రమాదం ఉందని జొటేరోవాళ్లే హెచ్చరిస్తారు.

ఇంతవరకు సాఫ్ట్‌వేర్ చేసి పెట్టింది. ఇక మీ వంతు. ప్రతి పేపర్ కిందా ఒక చిన్న నోట్ రాయాలి, అదీ అది ఎందుకు పనికొస్తుందో. సారాంశం రాయనక్కర్లేదు, అది అబ్‌స్ట్రాక్ట్‌లో ఎలాగూ ఉంది. ఇదిగో ఇలా: “నైట్ షిఫ్ట్ వాళ్ల స్కోరు పగటివాళ్ల కంటే ఎక్కువ. కానీ ఒక్కసారే కొలిచారు, ఉద్యోగంలో చేరకముందు నిద్ర ఎలా ఉండేదో తెలియదు. పద్ధతి లోపాల చర్చలో వాడాలి.” ఇంతే. ఈ రెండు మూడు వాక్యాలు రాయలేకపోతే ఆ పేపర్ మీరు చదవనట్టే లెక్క. నోట్ ఉన్నవాటికి ‘చదివాను’ అని ట్యాగ్ పెట్టండి. ఈసారి గైడ్ అడిగితే చూపించడానికి ఆ ట్యాగ్ చాలు.

ప్రశ్న: నేను ఏ యూనివర్సిటీలోనూ లేను, సొంత ఆసక్తితో చరిత్ర వ్యాసాలు చదువుకుంటాను. ముఖ్యమైనది దొరికిందని సంబరపడేలోపే డబ్బు కట్టమంటోంది. వేరే దారి ఉందా?
– ఒక పాఠకుడు

జవాబు: ఉందండీ, చాలాసార్లు డబ్బు కట్టకుండానే దొరుకుతుంది. స్కాలర్‌లో ఫలితం కింద ‘ఆల్ వెర్షన్స్’ నొక్కండి. రచయిత తన సొంత పేజీలోనో, యూనివర్సిటీ భాండాగారంలోనో పెట్టిన కాపీ అక్కడ బయటపడొచ్చు. బ్రౌజర్‌లో అన్‌పేవాల్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే, చట్టబద్ధమైన ఉచిత కాపీ ఉన్నచోట పేజీ పక్కన తాళం బొమ్మ ఆకుపచ్చగా మారుతుంది. 1995లో మొదలైన జేస్టోర్ అనే డిజిటల్ పత్రికల భాండాగారం చరిత్రకు పెన్నిధి. సంస్థతో సంబంధం లేకపోయినా సొంత ఖాతా తెరిస్తే కొన్ని వ్యాసాలు ఆన్‌లైన్‌లో చదువుకోనిస్తుంది. అదీ కుదరకపోతే రచయితకే ఈమెయిల్ రాయండి. మొహమాటం అక్కర్లేదు. తన వ్యాసం కావాలని ఎవరో అడిగారంటే సంతోషించని రచయిత అరుదు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఉచితంగా దొరికింది తుది అచ్చుకు ముందరి ప్రతి కావచ్చు. పేజీ నంబర్లు తేడా వస్తాయి, అప్పుడప్పుడు వాక్యాలూ మారతాయి. మీరు చదివిన ప్రతి ఏదో అదే చెప్పండి.

ప్రశ్న: మా దగ్గర రిఫరెన్సులు వంద దాటకపోతే థీసిస్ తేలిపోతుందంటారు. ఒక మంచి రివ్యూ పేపర్‌లో ఉన్న రిఫరెన్సుల్నే నా జాబితాలోకి తెచ్చుకుంటే తప్పా? వాళ్లు చదివే రాసి ఉంటారు కదా.
– కాలేజీ అధ్యాపకుడు

జవాబు: మాస్టారూ, వాళ్లు చదివారని మీకెవరు చెప్పారు? చదవకుండా ఎత్తిరాస్తే ఏమవుతుందో రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది నవ్వొచ్చేది. ఎల్సెవియర్ తన రచయితలకిచ్చే సూచనల్లో, రిఫరెన్స్ ఎలా రాయాలో చూపడానికి ఒక నమూనా ఇచ్చింది. వాన్ డెర్ గీర్, మరో ఇద్దరు 2000లో రాశారంటూ, శాస్త్ర వ్యాసం ఎలా రాయాలన్న విషయం మీద ఒక పేపర్. అలాంటి పేపర్ లేనే లేదు, అది ఉత్తుత్తి ఉదాహరణ. అయినా అచ్చైన పరిశోధనల్లో దాన్ని దాదాపు 400 సార్లు ఉదహరించారని 2017లో బయటపడింది. నమూనా ఫైల్‌లోంచి చెరపడం మరిచిపోయినవాళ్లే వాళ్లలో ఎక్కువమంది అయి ఉంటారు. కానీ చివరి జాబితాను ఒక్కసారైనా చదివి చూసుకుంటే కనబడేది కదా!

రెండోది నవ్వులాట కాదు. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక ఉత్తరం అచ్చయింది. మొత్తం అయిదు వాక్యాలు. ఆసుపత్రిలో చేరి నార్కోటిక్ మందులు (ఓపియాయిడ్లనే బలమైన నొప్పి మందులు) తీసుకున్న 11,882 మందిలో, అంతకుముందు అలవాటు లేనివాళ్లు వాటికి బానిసలైన కేసులు నాలుగే కనిపించాయని దాని సారాంశం. అందులో ఉన్నది ఆసుపత్రి రోగుల సంగతి. ఇంటికెళ్లి నెలల తరబడి మాత్రలు మింగేవాళ్ల ఊసే లేదు. అదే పత్రికలో 2017లో కొందరు లెక్క తీశారు. ఆ ఉత్తరాన్ని 608 సార్లు ఉదహరించారు. వాళ్లలో 72 శాతం మంది ఓపియాయిడ్లతో వ్యసనం అరుదని చెప్పడానికి దాన్నే ఆధారంగా చూపారు. ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవాళ్లన్న ముక్కను దాదాపు 81 శాతం మంది రాయనే లేదు. ఉత్తర అమెరికాలో ఓపియాయిడ్ల సంక్షోభానికి ఈ తీరు కూడా తోడైందని ఆ పరిశోధకులు తేల్చారు. అయిదు వాక్యాలు చదవడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి?

కాబట్టి రివ్యూ పేపర్ జాబితాను దారి చూపేదిగా వాడుకోండి, తప్పులేదు. అందులోంచి తెరిచి చదివినవే మీ జాబితాలోకి రావాలి. మూలం ఎంత వెతికినా దొరకలేదా? ఫలానావారి వ్యాసంలో ఉదహరించినట్టుగా అని నిజాయితీగా రాయండి. చదివిన అరవై రిఫరెన్సులున్న థీసిస్‌ను, ఎత్తిపోసిన నూటయాభై ఉన్నదానికంటే నేను ఎక్కువ గౌరవిస్తాను. వైవాలో మొదటి ప్రశ్నకే తేడా తెలిసిపోతుంది.

పత్రిక ఒకప్పుడు అచ్చు వేసి, తర్వాత వెనక్కి తీసుకున్న పేపర్ల సంగతీ చూసుకోవాలి. ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి పేపర్‌ను లాన్సెట్ అనే వైద్య పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. ఆ పేపర్ ఇప్పటికీ వెతికితే దొరుకుతుంది. జొటేరోలో అయితే ఇలాంటివాటి మీద ఎర్ర హెచ్చరిక కనిపిస్తుంది. 2019 నుంచి అది, ఉపసంహరించిన పేపర్ల చిట్టా ఉంచే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌తో సరిచూస్తోంది.

ప్రశ్న: చాట్‌బాట్‌ను అడిగితే పది రిఫరెన్సులు నిమిషంలో ఇచ్చింది. చూడ్డానికి పక్కాగా ఉన్నాయి. వాడేయొచ్చా?
– ఎంఏ విద్యార్థి

జవాబు: చూడ్డానికి పక్కాగా ఉండటమే ప్రమాదం బాబూ. రచయిత పేరు నిజం, పత్రిక నిజం, పేపర్ మాత్రం అబద్ధం. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు ఇలాగే చాట్‌బాట్ సృష్టించిన తీర్పుల్ని కోర్టుకు సమర్పించి జరిమానా కట్టారు. ప్రతి శీర్షికనూ కొటేషన్ గుర్తుల్లో పెట్టి వెతుకు. డీఓఐ ఇస్తే దాన్ని తెరిచి, వచ్చిన పేపర్ అదేనో కాదో చూడు. నంబర్ నిజమైనదే అయి, తెరిస్తే వేరెవరిదో వ్యాసం వచ్చిన సందర్భాలు నా డెస్క్ దగ్గర మామూలే. టాపిక్‌లో ఏయే మాటలతో వెతకాలో అడగడానికి చాట్‌బాట్‌ను వాడుకో, బాగానే చెబుతుంది.

ప్రశ్న: థీసిస్ మొత్తం వర్డ్‌లో జొటేరోతోనే రాశాను. బ్రాకెట్లలో కొన్నిచోట్ల పేజీ నంబర్లు చేత్తో చేర్చాను. రిఫ్రెష్ నొక్కగానే అన్నీ మాయం. పైగా ఇప్పుడు సైటేషన్ స్టైల్ మార్చమంటున్నారు. అన్నీ మళ్లీ టైప్ చేయాలా?
– థీసిస్ సమర్పించబోతున్న విద్యార్థి

జవాబు: స్టైల్ గురించి దిగులు వద్దు. డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో కొత్త స్టైల్ ఎంచుకుంటే థీసిస్ మొత్తం దానంతటదే మారిపోతుంది. పేజీ నంబర్లను మాత్రం సైటేషన్‌లోనే ఇవ్వాలి. దాని మీద క్లిక్ చేసి, ఎడిట్ తెరిచి, పేజీ గడిలో రాయండి. బయట చేత్తో రాసింది రిఫ్రెష్‌లో నిలవదు.

జాబితాలో కొన్ని శీర్షికలు అన్నీ పెద్ద అక్షరాల్లో ఉంటే వర్డ్‌లో దిద్దకండి. జొటేరోలోనే శీర్షిక మీద రైట్ క్లిక్ చేసి సెంటెన్స్ కేస్ పెట్టండి. సంస్థల పేర్లు తలకిందులై వస్తుంటే, పేరు పక్కనున్న చిన్న బటన్ నొక్కి రెండు గడుల్ని ఒకటి చేయండి. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు వల్ల మనవాళ్ల పేర్లు కూడా తరచూ తారుమారవుతాయి. ఆ వరుసలన్నీ ఒకసారి కళ్లతో చూసుకోవాల్సిందే.

అన్నీ అయ్యాక ‘అన్‌లింక్ సైటేషన్స్’ నొక్కితే అవి మామూలు అక్షరాలైపోతాయి, ఫైల్ ఎవరి కంప్యూటర్‌లో తెరిచినా కదలవు. అన్‌లింక్ చేసిన ఫైల్‌లో మళ్లీ స్టైల్ మార్చడం కుదరదు. పరీక్షకులు సవరణలు అడగడం ఖాయం కాబట్టి, ఆ బటన్‌ను కాపీ మీదే నొక్కండి.