వెయ్యి కట్టమంటున్నారా? ముందు తేదీ చూసుకోండి

ప్రశ్న: ఉద్యోగం పోయాక నాలుగేళ్లుగా క్రెడిట్ కార్డు బాకీ కట్టలేదు. అప్పుడు 84,000 ఉన్న బాకీ ఇప్పుడు 2,10,000 అయిందట. రికవరీ ఏజెంటునంటూ ఒకతను రోజూ ఫోన్ చేస్తున్నాడు. మా అక్కకు, నా కొత్త ఆఫీసుకు కూడా చేశాడు. “ఇవాళ వెయ్యి కట్టి, మిగతాది కడతానని రాసి సంతకం పెట్టి వాట్సాప్‌లో పంపండి, లేకపోతే రేపు పోలీసులొస్తారు” అంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: కార్డు బాకీ సివిల్ వ్యవహారమమ్మా. కట్టలేకపోయినంత మాత్రాన పోలీసులు అరెస్టు చేయరు. చెక్కు గానీ ఆటో డెబిట్ గానీ బౌన్స్ అయితే క్రిమినల్ కేసుకు వీలుంది. అయితే బౌన్స్ సంగతి తెలిసిన 30 రోజుల్లో వాళ్లు నోటీసు ఇచ్చి ఉండాలి. నాలుగేళ్ల నాటి బౌన్స్‌కు ఇప్పుడు కొత్తగా నోటీసిస్తే కేసు నిలవదు.

నాకు అనుమానమంతా ఆ వెయ్యి రూపాయల దగ్గరే. మన ఊళ్లలో ప్రామిసరీ నోటుకు మూడేళ్లు నిండే ముందు అప్పిచ్చినాయన వచ్చి, నోటు వెనక వందో రెండొందలో చెల్లు వేయించి సంతకం తీసుకుంటాడు. నోటుకు మరో మూడేళ్లు ఆయుష్షు పెరుగుతుంది. కార్డు బాకీకీ లెక్క అదే. కట్టాల్సిన తేదీ తప్పినప్పటి నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. ఆ లోపు మీరు కొంత కట్టినా, బాకీ ఉన్నట్టు రాసి సంతకం పెట్టినా గడువు మళ్లీ మొదలవుతుంది. గడువు దాటాక కట్టే వెయ్యితో కాలదోషం, అంటే గడువు దాటి దావాకు వీల్లేకుండా పోవడం, తొలగిపోదు. కానీ “మిగతాది కడతాను” అని సంతకంతో రాసిస్తే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25(3) కింద అది కొత్త ఒప్పందమై కూర్చుంటుంది. వాట్సాప్‌లో పంపినా దాన్ని కోర్టులో చూపించి వాదిస్తారు. కాబట్టి ఫోన్‌లో ఒప్పుకోవద్దు, రాసివ్వొద్దు, రూపాయి కూడా పంపొద్దు.

ముందు పాత స్టేట్‌మెంట్లు తీసి చివరి చెల్లింపు తేదీ చూడండి. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కరోనా కాలాన్ని సుప్రీంకోర్టు గడువు లెక్కలోంచి తీసేసింది. మీ వాయిదా ఆ మధ్యలో తప్పి ఉంటే మూడేళ్లను 2022 మార్చి 1 నుంచి లెక్కపెట్టాలి. చాలామంది ఇక్కడే పొరబడి, గడువు అయిపోయిందని ధీమాగా ఉండిపోతారు.

ఇంకో పని, కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో మీ పేరుతో వెతకండి. గడువులోపే దావా వేసి, నోటీసులు మీ పాత అద్దింటికి పంపి, మీరు లేకుండానే డిక్రీ, అంటే బాకీ కట్టాలన్న కోర్టు తీర్పు, తెచ్చుకుని ఉండొచ్చు. డిక్రీని 12 ఏళ్ల వరకు అమలు చేయించుకోవచ్చు. ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు చెప్పే పద్ధతి) నోటీసు ఏదైనా వచ్చిందేమో ఇంట్లోవాళ్లను అడగండి. అలాంటిది ఉంటే కాగితాలు పట్టుకుని వెంటనే వకీలును కలవండి.

జీతం గురించి భయం వద్దు. కోర్టు ఉత్తర్వు లేనిదే దాన్ని ఎవరూ జప్తు చేయలేరు. డిక్రీ వచ్చినా నెల జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. 25,000 జీతమైతే జప్తుకు దొరికేది గరిష్ఠంగా 8,000. జీతం ఖాతా ఆ కార్డు బ్యాంకులోనే ఉంటే మాత్రం వేరే బ్యాంకుకు మార్చుకోండి. బ్యాంకు ఖాతాను హోల్డ్‌లో పెట్టి బాకీ కింద సర్దుకోవాలని చూడొచ్చు.

మీ అక్కకు ఫోన్ చేయడాన్ని మాత్రం ఊరికే వదలకండి. కుటుంబసభ్యులను, స్నేహితులను ఇబ్బంది పెట్టొద్దని, ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయొద్దని, బెదిరించొద్దని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులోనే ఆదేశించింది. ఏజెంటు పేరు, ఏజెన్సీ పేరు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం అడగండి. బాకీని వేరే కంపెనీకి అమ్మేశామంటే ఆ బదిలీ పత్రం కాపీ అడగండి. కాల్స్ రికార్డు చేసి, తేదీలూ సమయాలతో బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి ఈమెయిల్ పెట్టండి. అందులో బాకీ ఒప్పుకునే మాట రాయకుండా, “మీరు చెబుతున్న బాకీ” అని మాత్రమే రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో అంబుడ్స్‌మన్‌కు, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి, ఫిర్యాదు చేయొచ్చు. వివరాలకు 14448. బెదిరింపులు ఆగకపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 351 కింద పోలీసులకూ ఇవ్వండి.

గడువు తీరినా బాకీ రద్దయిపోదు. కోర్టు దారి మూసుకుపోతుంది, అంతే. కొత్త లోనుకు సిబిల్ (మన అప్పుల చరిత్ర రికార్డు) అడ్డొస్తుందని తేల్చుకోవాలనుకుంటే, 2,10,000లో వడ్డీ, ఆలస్య రుసుములు ఎంతో విడదీసిన లెక్క ముందు తెప్పించుకోండి. బేరం అక్కడి నుంచి మొదలుపెట్టండి. కార్డు నంబరు, కట్టాల్సిన మొత్తం, ఆఖరి తేదీ, “ఇక బాకీ ఏమీ లేదు” అనే మాట ఉన్న సెటిల్‌మెంటు లేఖ బ్యాంకు అధికారిక ఈమెయిల్ నుంచి వచ్చాకే డబ్బు కట్టండి. అదీ కార్డు ఖాతాకే, ఏజెంటు ఫోన్‌పే నంబరుకు కాదు. కట్టిన రసీదుతో నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. తగ్గించి కడితే సిబిల్‌లో ‘సెటిల్డ్’ అని పడుతుంది. ‘క్లోజ్డ్’ అని రావాలంటే పూర్తి మొత్తం కట్టాలి. ఆ తేడా మీకు ఎంత ముఖ్యమో చూసుకుని బేరానికి కూర్చోండి.