గోండి ఫాంట్‌కి అక్షరాలు గీసిస్తే సరిపోదా?

"గుంజాల గోండి లిపిలో అక్షరాలు వందలోపే కదా, ఎవరైనా డిజైనర్ గీసిచ్చేస్తే ఫాంట్ అయిపోదా?" అని అడిగారు.

అవదు. గీత పని అందులో తేలిక భాగం.

ముందు ఏ గోండి లిపో తేల్చుకోండి. మంగల్ సింగ్ మసారం 1918లో రూపొందించిన మసారం గోండి వేరు, ఆదిలాబాద్ జిల్లా గుంజాల రాతప్రతుల్లో దొరికిన ఈ లిపి వేరు. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక కోడ్ కేటాయించే యూనికోడ్‌లోకి మొదటిది 2017లో, ఇది 2018లో వచ్చాయి. దీనికి 63 కోడ్‌లున్నాయి. రెండు లిపుల బ్లాకులూ (కోడ్‌ల వరసలు) వేరు కాబట్టి ఒకదాని ఫాంట్‌తో ఇంకొకటి చూస్తే డబ్బాలే కనిపిస్తాయి. అయినా రెంటికీ "గోండి ఫాంట్" అని ఒకే పేరు తగిలించేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి.

ఇప్పుడు "గోండి" అన్న మాటే కొట్టి చూడండి. గ, ఓత్వం, సున్న, డ, గుడి: మొత్తం ఐదు కోడ్‌లు. అన్నీ 65,535 దాటినవే. ఫాంట్‌లో ఏ కోడ్‌కి ఏ బొమ్మో చెప్పే సీమ్యాప్ పట్టిక ఫార్మాట్ 4లో ఒక్కటే ఉంటే ఇవి అందవు, ఫార్మాట్ 12 కావాల్సిందే. కోడ్‌లను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి 4 బైట్లు, మాట మొత్తం 20. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పాత "యూటీఎఫ్8" 3 బైట్ల దగ్గరే ఆగిపోతుంది, "యూటీఎఫ్8ఎంబీ4" పెట్టాలి. అది పెట్టనివాళ్లు కూడా తిట్టేది ఫాంట్‌నే.

అసలు చిక్కు ఓత్వం దగ్గర. అది పక్కన చోటు తీసుకునే గుర్తు, సున్న మాత్రం చోటు తీసుకోదు. ఫాంట్ ఎడిటర్ రెంటినీ, ఏది అక్షరమో ఏది గుర్తో చెప్పే జీడెఫ్ పట్టికలో "మార్క్" అని వేసేస్తే, తెరమీద అక్షరాలు కలిపి అమర్చే హార్ఫ్‌బజ్ సాఫ్ట్‌వేర్ రెంటి వెడల్పూ సున్నా చేసేస్తుంది. అప్పుడు డ వచ్చి ఓత్వం మీద కూర్చుంటుంది. గీత బాగానే ఉంటుంది, గుర్తులు అతికే చోటు చూపే యాంకర్లు సరిగ్గానే ఉంటాయి, మాట మాత్రం ముద్దయిపోతుంది. యాంకర్లు జరుపుతూ రోజులు పాడుచేసుకోకండి, ముందు ఆ పట్టిక తెరిచి చూడండి.

అక్షరాలు కలిసినప్పుడు ఏ రూపం రావాలో చెప్పే జీసబ్ నియమాలు ఈ లిపికున్న "జీ-ఓ-ఎన్-జీ" ట్యాగ్ కింద రాయాలి. డీఫాల్ట్ ట్యాగ్ కింద పెడితే హార్ఫ్‌బజ్‌లో ఒత్తులు, గుర్తులు అమర్చే యూనివర్సల్ షేపింగ్ ఇంజిన్ పక్కకు తప్పుకుంటుంది, ఒత్తులు కలవవు. హల్లుల్ని కలిపే విరామం అనే గుర్తుకి యూనికోడ్‌లో కనబడే రూపం లేదు, అది కలపడానికి మాత్రమే. అయినా దాన్ని ఖాళీగా వదలకండి. ఒత్తు కలవనప్పుడు కనిపించేలా చిన్న గుర్తు పెట్టండి, లేకపోతే తప్పు కొట్టినట్టు టైప్ చేసేవాళ్లకి తెలియదు. 2018కి ముందు యూనికోడ్ డేటాతో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో ఇవన్నీ చేసినా గుర్తులు విడివిడిగానే కనిపిస్తాయి. అక్కడ ఫాంట్ చేయగలిగింది లేదు.

"అయితే ఇంగ్లీషు కీల మీద గోండి బొమ్మలు అతికిస్తే అన్నిట్లో పనిచేస్తుందిగా" అనేవాళ్లున్నారు. తెలుగు డీటీపీలో దశాబ్దాలుగా పడుతున్న అవస్థ అదే. ఆ ఫాంట్ లేని చోట అతికిస్తే పుస్తకమంతా పిచ్చి గుర్తులు. వెతికితే దొరకదు, ఫోన్‌లో చదవలేం. ఇప్పుడిప్పుడే అచ్చుకెక్కుతున్న లిపికి ఆ అవస్థ అంటగట్టడం అన్యాయం.

కీబోర్డు కూడా తెలుగు దాన్ని చూసి దించేయకండి. ఈ లిపిలో ఎ, ఏలకు వేర్వేరు అక్షరాల్లేవు, ఒ, ఓలకూ అంతే. హల్లులు క, ఖతో కాదు, య, వ, బ, భ, మతో మొదలవుతాయి. యూనికోడ్ ఆ వరసనే ఉంచింది. కీబోర్డు మీదా, పిల్లల వాచకంలోనూ అదే ఉంచండి.